ముందు బుజ్జి దగ్గరికి వెళ్ళు

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

పని మధ్యలో ఆపి రాయ్‌పూర్‌లో కోర్బా–విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కావని మరదలు చెప్పింది. మీ బుజ్జి తల్లి కాబోతోంది, నువ్వు తాతవి కాబోతున్నావురా! నా చంకన పెరిగినవాడివి. ఫోన్‌లో అయితే సగం విని పెట్టేస్తావు, అందుకే వాట్సాప్‌లో రాస్తున్నాను.

టిట్లాగఢ్ దాటాక కొండల్లో సిగ్నల్ అందకపోతే టెన్షన్ పడకు. తొలికాన్పు, నొప్పులు మొదలయ్యాక 12 గంటలు దాటినా వింతేం కాదు. అల్లుడికి మాటిమాటికీ ఫోన్ చేయకు. ఏదైనా తిని పడుకో.

దారిలో తేనె సీసా కొనొద్దు. ఏడాది నిండేదాకా బిడ్డకి తేనె నాకించకూడదు. ఆముదం, పంచదార నీళ్ళు కూడా వద్దు. పుట్టిన గంటలోపు తల్లిపాలు పట్టించాలి, ఆరు నెలలదాకా అవే చాలు. పెద్దత్తయ్య ఏమన్నా తలూపకు.

ఇక అసలు సంగతి. మా పెద్దాడు పుట్టినప్పుడు నాన్న జగదల్‌పూర్ క్యాంపులో ఉన్నారు. అప్పటికి నువ్వు చిన్నవాడివి, గుర్తుండదు. కబురు అందగానే కిరండూల్ ప్యాసింజర్‌లో బయల్దేరి వచ్చారు. వస్తూనే "మగపిల్లాడేనా?" అంటూ ఉయ్యాల దగ్గరికి వెళ్ళారు. ఆయన వెనకే అందరూ. ముక్కు ఎవరిది, రంగు ఎవరిది అని ఒకటే ముచ్చట్లు. నా కింద పక్కబట్ట తడిసిపోతోంది. కళ్ళు తిరుగుతున్నాయన్నాను. "కాన్పయ్యాక నీరసం మామూలేనమ్మా" అని నాన్న బిడ్డనెత్తుకుని వరండాలోకి వెళ్ళిపోయారు. పక్క మంచం బాలింత వాళ్ళమ్మ, ముక్కూ మొహం తెలియని మనిషి, నా దుప్పటి ఎత్తి చూసి నర్సుని కేకేసింది. రక్తం ఎక్కిస్తే బతికాను. తర్వాత ఎప్పుడు ఆ మాటెత్తినా నాన్న లేచి వెళ్ళిపోయేవారు. ఆయన మీద నాకు కోపం లేదు, మనవడి మీద మోజు అలాంటిది. భయం మాత్రం ఇవాళ్టికీ పోలేదు. నువ్వూ ఆయన కొడుకువే కదరా.

అందుకని, గదిలోకి వెళ్ళగానే ముందు బుజ్జి మంచం మీద కూర్చో. తల నిమిరి ఎలా ఉందో అడుగు, చెప్పేది పూర్తిగా విను. గంటలోనే ప్యాడ్ మొత్తం తడిసినా, చెమటలు పట్టి ఒళ్ళు చల్లబడినా, గుండె దడగా ఉందన్నా "మామూలే" అనొద్దు, వెంటనే డాక్టరుని పిలిపించు. మొదటి 24 గంటలు మరీ జాగ్రత్త. బుజ్జిది నెగటివ్ గ్రూపు కదా, బిడ్డది పాజిటివ్ అయితే 72 గంటల్లోపు తల్లికి యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి. ఇచ్చారా అని నువ్వే అడుగు. మొహమాటపడ్డావంటే ఊరుకోను.

బిడ్డనెత్తుకునే ముందు రైలు బట్టలు మార్చుకుని, సబ్బుతో చేతులు కడుక్కో. ముద్దులు పెట్టకు నాన్నా, ఎంత ముద్దొచ్చినా సరే.

విజయనగరం స్టేషన్‌కి అల్లుణ్ణి రమ్మనకు, తను బుజ్జి పక్కనే ఉండనీ. ఆటో చేసుకుని వెళ్ళు. నేను ఆదివారం వస్తున్నాను. బాలింతకి పెట్టే కాయం ఇక్కడే చేయిస్తున్నాను, బయట కొనొద్దని మరదలికి చెప్పు.

మీ అక్క