శాతవాహన ఎక్స్‌ప్రెస్‌లో కోట శ్రీనివాసరావు గారు

పేరున్న సినీ నటులు అనుకోకుండా ఎదురైతే మామూలు మనుషులతో ఎలా మసలుకుంటారని మీరు అడిగారు. నేను కలిసిన నటుడు కోట శ్రీనివాసరావు గారు. ఆయన విజయవాడ తూర్పు శాసనసభ్యుడిగా ఉన్న కాలంలో, అంటే 1999-2004 మధ్య, శాతవాహన ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్లులో ఎక్కి నా సీటు వెతుక్కునేసరికి, ఎదుటి వరుసలో ఆయన కనిపించారు.

పక్కనే, కొడుకుతో హైదరాబాదు ఆసుపత్రికి వెళుతున్న ఒక పెద్దాయన కూర్చున్నారు. ఆయనకు ఈయన ఎవరో తెలియదు. "మొఖం జూసినట్లే ఉన్నది గని, యాడ జూసిన్నో యాదికొస్తలేదు బిడ్డా" అని ఆ పెద్దాయన అంటే, కొడుకు కంగారుపడి చెప్పబోయాడు. కోట గారు చేత్తోనే వారించి, పత్తి పంట సంగతి అడిగారు. అక్కడినుంచి మాట్లాడింది పెద్దాయనే: విత్తనం మోసం, షావుకారు వడ్డీ, తడారిపోయిన బావి. కోట గారు ముందుకు వంగి, ఎదుటివారి పెదవులనే చూస్తూ, నడుమ నడుమ తల ఊపుతూ, కాజీపేట దాటి చాలా దూరం వచ్చినా ఒక్కసారి కూడా చూపు మరల్చకుండా విన్నారు.

నాకు వెంటనే 1985 నాటి ప్రతిఘటనలో ఆయన వేసిన మంత్రి కాశయ్య పాత్ర గుర్తుకొచ్చింది. కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టిన మనిషి తెలంగాణ మాటను అంత సహజంగా ఎలా పలికారన్నది అప్పటిదాకా నాకు అంతుపట్టలేదు. మా మాటను ఆనాటి సినిమాలు ఎక్కువగా దుష్టపాత్రల నోటనే పలికించాయన్న బాధ నాకు ఈనాటికీ ఉంది. అయినా కాశయ్య పలుకులోని విరుపును మాత్రం తప్పు పట్టలేను. 1978లో ప్రాణం ఖరీదుతో తెరకెక్కకముందు ఆయన నాటకాలాడుతూ బ్యాంకు ఉద్యోగం చేసినవారు కనుక, కౌంటరు అవతల నిలబడిన రకరకాల మనుషుల మాటతీరును కూడా ఇలాగే విని ఉంటారని నా నమ్మకం.

నేను పలకరించి నమస్కరిస్తే ప్రతినమస్కారం చేశారు, అంతే. ఫొటో గానీ సంతకం గానీ అడగాలని నాకు అనిపించలేదు. 2025 జులైలో ఆయన మరణించినప్పుడు పత్రికలన్నీ ఆయన విలనీని, పిసినారి లక్ష్మీపతి హాస్యాన్ని తలచుకున్నాయి. ఆ నటన వెనుక ఉన్న వినికిడిని నేను కళ్లారా చూశాను కాబట్టే మీ ప్రశ్నకు ఇంత వివరంగా రాశాను.