అల్లుడా, ఆ బోర్డు తీసెయ్యి

అల్లుడా,

నువ్వు పంపిన ఫోటో చూశాను. రైస్ మిల్లు ఆఫీసు గోడకు పెద్ద ఫ్లెక్సీ, దాని మీద ఇంగ్లీషులో "మా విజన్" అని నాలుగు లైన్లు, కింద నీ సంతకం. మిర్యాలగూడలో మంచి హోటల్ చూసి మీటింగ్ పెట్టి, అందరికీ బిర్యానీ తినిపించి ఆ నాలుగు లైన్లు చదివి వినిపించావట. నెల తిరగకముందే ఎవరి పని వాళ్లదే అయింది, "ఇది మన మిల్లు" అనుకునేవాడు ఒక్కడూ లేడు అని రాశావు. నీ బాధ నాకు బాగా తెలుసు. ఇరవై ఏళ్ల కింద నేను చేసిన తప్పూ ఇదే.

అప్పుడు నేను బాయిలర్ పక్క గోడ మీద "రోజుకు 800 బస్తాలు" అని పెయింటుతో రాయించాను. నాకు అదే విజన్. అందరూ కష్టపడ్డారు, నిజంగానే 800 దాటించారు. తర్వాత మూడు లోడ్లు వెనక్కి వచ్చాయి. సర్కారు ఆడించమని ఇచ్చే వంద కిలోల వడ్లకు 68 కిలోల బాయిల్డ్ (ఉప్పుడు) బియ్యం తిరిగి ఇవ్వాలి, అందులో నూక 16 శాతం దాటితే తీసుకోరు. మాది దాటింది. నేను ఒక్కొక్కరినీ పిలిచి అరిచాను. బాయిలర్ అతను ఆవిరి టైముకే ఇచ్చాడు, హమాలీలు టైముకే ఎత్తారు, గుమస్తా లెక్కలు సరిగ్గానే ఉన్నాయి. ఎవరి పనిలోనూ తప్పు లేదు, బియ్యం మాత్రం విరిగింది.

చివరికి డ్రయ్యర్ దగ్గర పనిచేసే పెద్దాయన, దేవరకొండ దిక్కు మనిషి, తలవంచుకుని అన్నాడు: "సేటూ, ఉడికిన వడ్లను ఒక్క ఊపున ఎండబెడితే గింజ లోపల పగులుతది. నడుమ ఆరు గంటలు ఆపి ఊపిరి తీసుకోనియ్యాలె. మీ గోడ మీద ఆ ఆరు గంటలకు జాగ లేదు." ఆయనకు మొదటి రోజు నుంచే తెలుసు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ మాట గుర్తొస్తే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టు అవుతుంది.

మరుసటి రోజు గోదాం వెనక మూడు రాళ్ల పొయ్యి పెట్టించి, వెనక్కి వచ్చిన లోడులోంచే రెండు శేర్ల బియ్యం వండించాను. గుమస్తా, డ్రైవర్లు, హమాలీలు, ఊడ్చే ఆడవాళ్లు, అందరం విస్తళ్లు వేసుకుని కూర్చున్నాం. కొంత ముద్దయింది, కొంత పలుకుగా ఉంది. హమాలీ మేస్త్రీ రెండు ముద్దలు తిని చెయ్యి ఆపాడు. "గీ బువ్వ మన పిలగాండ్లకు పెడ్తమా?" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. మా మిల్లుకు విజన్ ఆ మాటే అయింది, అల్లుడా. నేను రాయించలేదు, ఆయన నోటి నుంచి వచ్చింది. ఆ తర్వాత పంచాయితీ వస్తే ఎవరో ఒకరు "ఇది మన ఇంట్ల వండుకుంటమా?" అనేవారు, అక్కడితో తేలిపోయేది.

కాబట్టి ముందు నువ్వు అడుగు. మీటింగుల్లో కాదు, అక్కడ అందరూ నీకు నచ్చేదే చెప్తారు. లారీ దిగుమతి అయ్యాక చాయ్ తాగే టైములో ఒక్కొక్కరి దగ్గర కూర్చో. "నీ పనిలో ఏది పాడైతే నీకు సిగ్గనిపిస్తది?" అని అడుగు. రెండు వారాలు విను, నీ మాట పెట్టకు. వాళ్ల మాటల్లో నాలుగైదు చోట్ల ఒకటే వినిపిస్తుంది, అది పట్టుకో.

బీహార్ హమాలీలను మరవకు. 2020 లాక్‌డౌన్‌లో ఖగడియా నుంచి లింగంపల్లికి ప్రత్యేక రైల్లో మన మిల్లుల కోసమే వాళ్లను రప్పించుకున్నాం, అయినా మీటింగ్ అంటే వాళ్లను బయటే నిలబెడతాం. వాళ్లతో హిందీలోనే మాట్లాడు. నీ హిందీ బాగా లేకపోయినా పర్వాలేదు.

అన్నిటికంటే కష్టమైంది ఇంకోటుంది. మాట బయటికి వచ్చాక నీ డబ్బు పోయే రోజు ఒకటి వస్తుంది. మాకు నెల లోపే వచ్చింది. లారీ గేటు దగ్గర నిలబడి ఉంది, వడ్లు ఇంకా మూడు గంటలు ఆగాలి, డ్రైవరు లారీ ఆపినందుకు హాల్టింగ్ డబ్బులు అడుగుతున్నాడు. మేస్త్రీ నా మొహం చూశాడు. హాల్టింగ్ డబ్బులు కట్టి ఆగుదాం అన్నాను. ఆ రోజు నుంచి నమ్మారు. అంతకుముందు చెప్పిందంతా వాళ్లకు మాటలే. ఇంకొకటి, జీతాలు లేటు చేస్తూ విజన్ గురించి మాట్లాడకు, అది నాకు అసహ్యం. నూక తగ్గి మిగిలిన దాంట్లో వాళ్లకూ భాగం పెట్టు, ఎంతో ముందే చెప్పు.

1967 ఆగస్టులో సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదలకపోతే మనకు ఈ మిల్లుల పనే లేదు, అది నీకు తెలిసిందే. నీళ్లు వదిలే హెడ్ దగ్గర నిలబడితే కాలువ నిండుగానే కనిపిస్తుంది, చివరి ఆయకట్టుకు నీళ్లు అందాయా లేదా అన్నది ఆ పొలం గట్టు మీదికి పోతేనే తెలుస్తుంది. నీ మాట కూడా అంతే. నైట్ వాచ్‌మన్‌ను అడిగి చూడు, మన మిల్లు దేనికోసం నడుస్తోందని. ఆయన తన మాటల్లో చెప్పగలిగితే అందినట్టు. "సారుకు తెలుసు" అంటే మళ్లీ మొదలుపెట్టు, కోప్పడకు.

ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. ఆ ఫ్లెక్సీ తీయించి వడ్ల కుప్ప మీద కప్పడానికి వాడుకో, గట్టి గుడ్డే. గోదాం వెనక పొయ్యి పెట్టించు, ఒక పెద్ద గిన్నె చూడు. బియ్యం బజారు నుంచి తేవద్దు, నిన్న లోడు చేసిన దాంట్లోంచే తీయించు. కూర మీ అత్త వండి పంపిస్తానంది.

నీ మామ