గారబంధ రైతులు ఏమడిగారు?

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది, రెండుసార్లు చదివాను. మొదటి పేరా తీసెయ్. ప్రాచీన కాలం, మానవ సమాజం, చట్టం పుట్టుక అని మొదలుపెడితే మన పర్లాకిమిడి వచ్చేసరికి చదివేవాడికి కునుకు పడుతుంది. పర్లాకిమిడి జమీందారీలోని ఊరు గారబంధతోనే మొదలుపెట్టు.

లా చదివినవాళ్లకి ఆ ఊరి పేరు వింటే గుర్తొచ్చేది సెర్షియోరరీ రిట్, అంటే కింది అధికారి ఉత్తర్వుని పై కోర్టు తెప్పించుకుని కొట్టేసే ఆజ్ఞ, దాని మీద 1943లో ప్రీవీ కౌన్సిల్ (అప్పట్లో మన కేసులకి లండన్‌లో ఉన్న ఆఖరి అప్పీలు కోర్టు) ఇచ్చిన తీర్పు. రెవెన్యూ బోర్డు సిస్తు పెంచితే, ఆ ఉత్తర్వు కొట్టెయ్యమని రైతులు మద్రాసు హైకోర్టుకి వెళ్లారు. బోర్డు ఉన్నది మద్రాసులోనే అయినా భూములున్నది గంజాంలో. కంపెనీ కాలం నాటి మద్రాసు సుప్రీంకోర్టు నుంచి హైకోర్టుకి సంక్రమించిన ఆ అధికారం ఇలాంటి వ్యవహారంలో పట్నం పొలిమేర దాటదని లండన్‌లో తేల్చారు. ఇంతవరకూ బాగా రాశావు. ఆ వెంటనే "పెంచిన సిస్తు న్యాయమేనని ప్రీవీ కౌన్సిల్ ఒప్పుకుంది" అన్నావు. ఎక్కడ ఒప్పుకుంది? అప్పీలు పోయింది పరిధి మీద. రైతులు అడిగింది ఒకటి, కోర్టు జవాబిచ్చింది ఇంకోదానికి. నీ వ్యాసానికి అసలు సరుకు ఆ తేడాలోనే ఉంది. హెడ్‌నోట్, అదే తీర్పు అచ్చేసేటప్పుడు పైన వేసే సారాంశం, చూసి రాశావని నా అనుమానం. హెడ్‌నోట్ జడ్జి రాసేది కాదు.

ప్రీవీ కౌన్సిల్ అప్పీళ్లకి కింది కోర్టుల కాగితాలన్నీ కలిపి అచ్చేసేవారు. దాన్ని సంపాదించి, తీర్పు కన్నా ముందు చదువు. మిగతా దస్త్రాల కోసం చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌కి వెళ్లాలి, భువనేశ్వర్ ఆర్కైవ్స్‌కి కూడా వెళ్లాలి. ఈ ప్రాంతం మద్రాసు నుంచి చీలి ఒరిస్సాలో చేరినప్పుడు కాగితాలూ చీలాయి.

తారీఖుల దగ్గర జాగ్రత్త. నేనొకసారి ఫసలీ (పాత రెవెన్యూ లెక్కల సంవత్సరం) 1345 మే నెల కాగితానికి 590 కలిపి 1935 అని రాసేశాను. ఫసలీ మొదలయ్యేది జులైలో, కాబట్టి ఆ మే 1936ది. ఒక్క ఏడాదే కదా అంటావేమో. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడింది! మద్రాసు సర్కారు చేసిందని నేను నాలుగు పేజీలు తిట్టిన పని అప్పటికి వాళ్ల చేతిలోనే లేదు. అచ్చయ్యాక తెలిసింది. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

1937లో ఒరిస్సాకి మొదటి ప్రధానమంత్రి (ముఖ్యమంత్రిని అప్పట్లో అలా అనేవారు) అయిన కృష్ణచంద్ర గజపతే ఈ కేసులో రైతుల ఎదుటి పక్షమైన పర్లాకిమిడి జమీందారు. ఆ మాట ఒక వాక్యంలో చెప్పి వదిలెయ్. వ్యాఖ్యానం వద్దు, చదివేవాడికి బుర్ర ఉంటుంది.

ఊరికి మాత్రం వెళ్లి తీరాలి. కేసు గురించి అడిగితే ఎవరూ నోరు విప్పరు. మీ తాతల నాడు సిస్తు వసూలుకి ఎవరొచ్చేవారు, పంట పోతే ఏం చేసేవారు అని అడుగు. ఎవరు ఏ భాషలో చెప్పారో రాసుకో. ఒడియాలోనో సవరలోనో అన్న మాటని నువ్వు తెలుగు చేశావంటే ఆ సంగతి చెప్పు. పాత సాక్ష్యాలు చదివేటప్పుడూ ఇదే అడుగు: ఇంగ్లీషులో అచ్చయిన ఈ మాట ఆ మనిషి నోట ఏ భాషలో వచ్చింది? వాళ్లు చెప్పిన కథ తీర్పుతో పొసగకపోతే అతికించకు. రెండూ పక్కపక్కనే పెట్టు.

వెళ్తే కోతలయ్యాక వెళ్లు. కోతల్లో ఎవరికీ తీరిక ఉండదు. ఆ సిస్తు వాక్యం సరిచేసి, రెండో పేజీ ఒక్కటీ ముందు పంపు.

నీ
అన్నయ్య