కిలినొచ్చి వెళ్తున్న మేనల్లుడికి

కళ్యాణదుర్గం

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

శ్రీలంకలో మందుపాతరలు తీసే సంస్థలో ప్రపోజల్స్ రాసే ఉద్యోగం, అంటే నిధులు అడుగుతూ దాతలకు రాసే పని, వచ్చిందని మీ అమ్మ చెప్పింది. నీ పని కంప్యూటర్ ముందేనని ఆమెకు ఇంకోసారి చెప్పు, టెన్షన్ తగ్గుతుంది. ఇక్కడ విదేశీ నిధుల లెక్కలు చాలా ఏళ్లు చూసినవాణ్ణి కాబట్టి ఇది రాస్తున్నా.

శ్రీలంక 2017 డిసెంబరులో మందుపాతరలను నిషేధించే ఒట్టావా ఒప్పందంలో చేరింది. మందుపాతరలన్నీ తీసేయడానికి దానికున్న గడువు 2028 జూన్ 1. డోనర్ల చూపంతా ఆ తేదీ మీదే. ఇన్ని చదరపు మీటర్లు శుభ్రం చేశామంటే డబ్బొస్తుంది. అందులో తప్పేం లేదు, అంకె చూపకుండా ఎవరిస్తారు? కానీ కాలు పోయినవాళ్ల ఖర్చు ఆ తేదీతో తీరదు. ఎదిగే బిడ్డకు కృత్రిమ కాలు ఆరు నెలలకో ఏడాదికో మార్చాలి, పెద్దవాళ్లకు మూడు నుంచి అయిదేళ్లకోసారి. మన చెక్‌డ్యాముల సంగతి తెలుసు కదా, కట్టడానికి ఇచ్చినవాళ్లు పూడిక తీయడానికి ఇవ్వలేదు.

అందుకే ప్రాజెక్టు ముగిశాక ఆ కాళ్లు ఎవరు మార్చాలో మొదటి ప్రపోజల్‌లోనే రాయి. ఏ ప్రభుత్వ ఆసుపత్రి, టెక్నీషియన్ జీతం ఎవరిది, అన్నీ ఉండాలి. జాఫ్నాలో జైపూర్ కృత్రిమ కాళ్లు అమర్చే కేంద్రం ఉంది. ముందు అక్కడికి వెళ్లి అసలు ఖర్చులు అడుగు. (మన దేశం ఆ ఒప్పందంలో చేరలేదు కానీ, 1968లో మనవాళ్లు తయారుచేసిన కాలు మాత్రం దేశాలు తిరుగుతోంది!) బాధితులకు సాయం చేయాలని ఒప్పందం ఆరో అధికరణంలోనే ఉంది. డోనర్ నసిగితే అది చూపించు.

బస్సు చార్జీ, తోడొచ్చేవాళ్ల కూలీ కూడా బడ్జెట్‌లో పెట్టు. మా వికలాంగుల క్యాంపులకు జనం రాకపోతే ఆసక్తి లేదని రిపోర్టులు రాసేవాళ్లు. కాలు ఉచితమే, రోజు కూలీ పోతే ఇంట్లో పొయ్యి ఎట్లా వెలుగుతుంది?

ఒకే డోనర్ మీద ఆధారపడొద్దు. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపేస్తే కంబోడియాలో మందుపాతరలు తీసే పని కొంత నిలిచిపోయింది. జపాన్, నార్వే, ఐరోపా సమాఖ్య, అందరి తలుపులూ తట్టు.

తమిళం కాస్త నేర్చుకో. బడ్జెట్ పేజీ పంపేముందు నాకు వాట్సాప్ చెయ్యి, రాత్రి తొమ్మిది లోపల. తర్వాత కళ్లద్దాలు ఎక్కడ పెడతానో నాకే తెలీదు.

మీ మామ