పెంట్‌హౌస్‌కి లిఫ్ట్ లేదు

అమ్మాయ్,

మన హైదరాబాద్ వీధుల్లో వినపడే, బోర్డుల మీద కనపడే ఇంగ్లిష్ మాటల మీద నువ్వు సరదాగా రాసి పంపిన తొమ్మిది ముక్కలూ చదివాను. మొదటి మూడూ మెట్రోలో మియాపూర్ నుంచి అమీర్‌పేట వచ్చేలోపే అయిపోయాయి. రెండు చోట్ల పైకే నవ్వేసరికి పక్కన కూర్చున్నతను కాస్త అవతలికి జరిగాడు. కాబట్టి నీకు రాయడం వచ్చా రాదా అన్న టెన్షన్ పెట్టుకోకు. నా గొడవ వేరే. ఇన్ని పేజీల్లో నువ్వు ఎవర్ని చూసి నవ్వుతున్నావు? పంచర్ షాపతన్ని, ఆటో అన్నని, వాచ్‌మన్‌ని, కర్రీ పాయింట్ ఆంటీని. తొమ్మిదింట్లో ఒక్కసారి కూడా నిన్ను చూసి నువ్వు నవ్వుకోలేదు.

ముందు చిన్నవి తేల్చేద్దాం. టులెట్ బోర్డు మధ్యలో ఒక అక్షరం చేరిస్తే టాయిలెట్ అవుతుందన్న జోకు తీసెయ్. నేను 1987లో ఈ ఊరొచ్చి చిక్కడపల్లిలో గది వెతుక్కునేటప్పటికే అది ముసలిదైపోయింది. వైన్స్ ముందు చిల్డ్ బీరు కాస్తా చైల్డ్ బీరు, అంటే చంటిపిల్లల బీరు అయిపోయిన బోర్డు కూడా తీసెయ్. ఆ బోర్డులు రాసిన పెయింటర్లకి ఇంగ్లిష్ రాదు, వాళ్ళు అక్షరాన్ని పువ్వు గీసినట్టు గీసేవాళ్ళు, పైగా నీడ కూడా వేసేవాళ్ళు. ఫ్లెక్సీ వచ్చాక వాళ్ళలో చాలామందికి పని పోయింది. ఆ సంగతి రాస్తానంటే రాయి, చదువుతాను.

ఇక స్టెప్నీ. మెకానిక్ 'స్టెప్నీ ఉందా మేడమ్' అంటే అదేదో అతను సొంతంగా పుట్టించిన మాట అన్నట్టు అరపేజీ ఎగతాళి చేశావు. అది పేరున్న సరుకు తల్లీ. వేల్స్‌లో లనెల్లి అనే ఊళ్ళో స్టెప్నీ అనే వీధి ఉంది, 1904లో కారుకి అదనపు చక్రం తయారుచేసింది ఆ వీధివాళ్ళే. అక్కడివాళ్ళు ఆ మాటని ఎప్పుడో వదిలేస్తే మన మెకానిక్కులు వందేళ్ళకి పైగా భద్రంగా దాచిపెట్టారు. నవ్వేముందు ఒకసారి చూసుకోవాలి, లేకపోతే నవ్వు మన మీదికే తిరిగొస్తుంది.

ఈ ఊరికి మాటల్ని నమలడం కొత్త కాదు. నిజాం దగ్గర పనిచేసిన ఫ్రెంచి సేనాని రేమండ్ 1798లో పోయాడు. హిందువులు ఆయన్ని మూసారాం అన్నారు, ముస్లింలు మూసా రహీం అన్నారు, ఆ మొస్యూ (ఫ్రెంచిలో 'శ్రీ' లాంటి మాట) రేమండే ఇవాళ్టి మూసారాంబాగ్. గోల్కొండ రాణి హయాత్ బక్షీ బేగంని జనం మాసాహెబా అనేవాళ్ళు, ఆవిడ పేరు మీదున్న తలాబ్ మాసబ్ ట్యాంక్ అయింది. చెరువు పోయింది, ట్యాంకు మిగిలింది. అక్కడ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు నాకు వేరే పనేం ఉంటుంది, ఇవే ఆలోచిస్తుంటాను.

నీ నాలుగో ముక్క మాత్రం బాగుంది. కర్రీ పాయింట్, మ్యాచింగ్ సెంటర్, లేడీస్ కార్నర్, ఎక్కడికక్కడ సర్కిల్, ఎవరో జామెట్రీ బాక్సు దగ్గర పెట్టుకుని ఊరు కట్టారేమో అన్నావు చూడు, అలాంటి మాట నాకు తట్టలేదని కాస్త కుళ్ళుకున్నాను. అక్కడ నువ్వు ఎవర్నీ దిద్దలేదు. చూశావు, అంతే.

అసలు పేచీ ఆరో ముక్కతో. బ్రోకర్‌కి ఇంగ్లిష్ రాదని మూడు పేరాలు. నాకు తగిలిన బ్రోకర్ సంగతి చెప్తా విను. మా మేనల్లుడికి కూకట్‌పల్లిలో ఉద్యోగం వచ్చింది, గది కావాలి. ఆన్‌లైన్‌లో ప్రకటన చూసి ఫోన్ చేస్తే, 'పెంట్‌హౌస్ సార్, ఫుల్ వెంటిలేషన్, సెపరేట్ మీటర్' అన్నాడు. ఎగిరి గంతేసి వెళ్ళాను. లిఫ్ట్ నాలుగో అంతస్తు వరకే ఉంది, అక్కణ్ణుంచి మెట్లు. పైకెళ్తే డాబా మీద నీళ్ళ ట్యాంకు, దాని పక్కన రేకుల గది. కిటికీకి ఒక రెక్క లేదు, ఫుల్ వెంటిలేషన్ అంటే అదన్నమాట. మధ్యాహ్నం రెండింటికి ఆ రేకుల కింద నిలబడి, 'దీన్ని పెంట్‌హౌస్ అంటారా బాబూ?' అని కాస్త వెటకారంగానే అడిగాను. అతను ఏమాత్రం తడుముకోలేదు. 'రూమ్ అని పెడ్తే ఎవ్వడు ఫోన్ చెయ్యడు సార్. పెంట్‌హౌస్ అని పెట్టిన, పొద్దుగాల సంది మీరు పద్నాలుగో మనిషి.'

చూశావా, ఆ మాటకి అర్థం అతనికి తెలీక కాదు. నాకంటే బాగా తెలుసు. ఇంకా వినాలి మరి. అదే గది తీసుకున్నాం, ఆ అద్దెలో ఇంకేం వస్తుంది. సాయంత్రం మా అక్కకి ఫోన్ చేసి నేనేమన్నానంటావు? 'వాడికి పెంట్‌హౌస్ దొరికింది అక్కా' అన్నాను. ఆవిడ వీధి వీధంతా చెప్పుకుంది. బ్రోకర్ నాకు అమ్మిన మాటని నేను కమిషన్ కూడా లేకుండా ఇంకో ఊరికి అమ్మిపెట్టాను. ఇప్పుడు చెప్పు, ఆ కథలో నవ్వాల్సింది ఎవర్ని చూసి?

అదే మనిషి ఇంకోసారి, 'ఫ్యామిలీయా, బ్యాచిలరా?' అని అడిగాడు. ఈసారి గది నాకే. అప్పుడు మా ఆవిడ అమ్మాయి పురిటికని వెళ్ళి ఉంది. అరవై దాటినవాణ్ణి, సరదాకి 'ప్రస్తుతానికి బ్యాచిలరే' అన్నాను. ఓనరుగారు ఇల్లివ్వలేదు. సాఫ్ట్‌వేర్ అయినా బాగుండేదట. (1998లో సైబర్ టవర్స్ వచ్చేదాకా సాఫ్ట్‌వేర్ అనేది మనిషి కాదు. ఆ తర్వాత అల్లుడైంది.)

రాసేటప్పుడు ఆ మాటల్ని దిద్దకు. అతను పంచర్ అంటే పంచరే, పంక్చర్ అని రాస్తే అతను పోయి మీ స్కూల్ టీచర్ వచ్చి కూర్చుంటుంది. పక్కన అర్థం కూడా చెప్పకు, 'యూటర్న్ కొట్టు' అంటే ఏం కొట్టాలో చదివేవాళ్ళకి తెలుసు. తెలంగాణ మాటని మాత్రం జోకులా వాడకు, నీ రెండో ముక్కలో ఆ పని చేశావు, నాకు నచ్చలేదు. 'ఏడున్నరు సార్, నేను లొకేషన్లనే ఉన్న' అని క్యాబ్ అబ్బాయి అన్నప్పుడు నవ్వు అతని యాసలో లేదు. 'నేనూ లొకేషన్‌లోనే ఉన్నాను' అని నువ్వూ అంటావు, మీ ఇద్దరి మధ్యా ఒక డివైడర్ ఉంటుంది, నవ్వు అక్కడుంది. దాన్నలా రాసి చూడు.

విన్నది విన్నరోజే తేదీ వేసి రాసుకో. ఎస్‌టీడీ బూత్ దగ్గర మీటరు చూసుకుంటూ మాట్లాడిన మాటలు నేను రాసుకోలేదు, ఇప్పుడు ఒక్కటీ గుర్తు రావడం లేదు. మిస్‌డ్ కాల్ కూడా అలాగే పోతోంది. మా ఇంట్లో ఒక రింగైతే చేరానని, రెండైతే కిందికి రమ్మని అర్థం. ఇంత చవకైన వ్యాకరణం ఇంకెక్కడుంది?

ఆరో ముక్కా, క్యాబ్ ముక్కా మళ్ళీ రాసి పంపు. నేను వాట్సాప్ ఎప్పుడో గానీ చూడను. పంపాక రెండు రింగులిచ్చి కట్ చెయ్, లిఫ్ట్ చెయ్యనులే.