ముందు ఆ సంతకం ఆపించు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు రాత్రి పన్నెండున్నరకు పెట్టిన వాయిస్ మెసేజ్ పొద్దున టీ తాగుతూ విన్నాను. మళ్లీ ఒకసారి విన్నాను. మీ అమ్మకు చెప్పలేదులే. చెబితే ముందు నీకు ఫోన్ చేసి ఏడుస్తుంది, తర్వాత నాకు చేసి తిడుతుంది. ఫోన్‌లో మాట్లాడదామంటే నువ్వు నైట్ షిఫ్ట్ దిగి నిద్రకు ఆగలేక "సరే మామయ్యా, సరే" అనేస్తావు. అందుకే రాస్తున్నాను.

"యూనియన్ పెట్టుకుంటే మంచిదా, ఉన్న ఉద్యోగం కూడా పోతుందా?" అని అడిగావు. దానికి వస్తాను. ముందు ఫ్యాక్టరీలో చెయ్యి కాలిన మీ ఫ్రెండ్ సంగతి. ఇంట్లో స్టవ్ దగ్గర కాలిందని రాసి సంతకం పెట్టమంటున్నారన్నావు కదా. పెట్టొద్దని చెప్పు. ఈ ఉత్తరం పూర్తిగా చదవకముందే ఫోన్ చేసి చెప్పు.

ఎందుకో విను. కాంట్రాక్టరు ప్రైవేటు నర్సింగ్ హోమ్ బిల్లు కట్టాడు, పళ్లు తెచ్చాడు, చేతిలో అయిదు వేలు పెట్టాడు. మంచివాడిలా కనిపిస్తాడు. నిజంగా మంచివాడే కావచ్చు కూడా. కానీ ప్రమాదం ఫ్యాక్టరీలో జరిగినట్టు కాగితం మీద లేకపోతే ఆ కుర్రాడికి ఈఎస్ఐ, అంటే ప్రభుత్వం నడిపే కార్మికుల బీమా నుంచి పని దెబ్బ కింద రావాల్సింది ఏదీ రాదు. జీతం 21,000 లోపు ఉన్నవాడికి, కాంట్రాక్టు మనిషైనా సరే, ఈఎస్ఐ ఉండాలి. పనిలో దెబ్బ తగిలితే పనిలోకి రాలేని రోజులకు జీతంలో 90 శాతం లెక్కన ఇస్తారు. చేరి ఎన్నాళ్లయింది, ఎన్ని నెలలు చందా కట్టారు అని చూడరు. చేరిన రోజే దెబ్బ తగిలినా వర్తిస్తుంది. వేళ్లు మళ్లీ మామూలుగా ముడుచుకోకపోతే మెడికల్ బోర్డు చూసి ఎంత శాతం నష్టమో తేలుస్తుంది. దాన్నిబట్టి బతికున్నంత కాలం నెలనెలా డబ్బు వస్తుంది. కాలిన చెయ్యి మొదట నయమైనట్టే ఉంటుందిరా. నెలలు గడిచేకొద్దీ చర్మం బిగుసుకుంటుంది, అప్పుడు తెలుస్తుంది. ఆ వేళకు కాంట్రాక్టరు ఎక్కడుంటాడో ఎవరికి తెలుసు.

ఈ మాట ఆ కుర్రాడికి చెప్పేవాళ్లు మీ ఫ్యాక్టరీలో ఎవరున్నారు? హెచ్ఆర్ వాళ్లు చెప్పరు. సూపర్‌వైజర్‌కు తెలిసినా చెప్పడు, అతని ఉద్యోగం అతనిది. నా లెక్కలో యూనియన్ అంటే ముందు ఇదే. దెబ్బ తగిలినవాడి మంచం పక్కన కూర్చుని "సంతకం పెట్టకు" అని చెప్పే ఒక మనిషి. జెండా, గేటు మీటింగు, జీతాల ఒప్పందం అన్నీ ఆ తర్వాతివి.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. పటాన్‌చెరు పక్కన ఒక బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో, అంటే మందుల ముడిసరుకు తయారుచేసే చోట, నేను సెంట్రిఫ్యూజ్ దగ్గర పనిచేసే రోజులు. తడి మెటీరియల్‌ను గిరగిరా తిప్పి ద్రవం పిండే మిషన్ అది. టోలుయీన్ లాంటి మండే సాల్వెంట్‌తో తడిసిన మెటీరియల్ తిరుగుతుంటే స్టాటిక్ కరెంటు పుడుతుందని నీకు తెలుసు. లోపల గాలి బదులు నైట్రోజన్ ఉంటే రవ్వ లేచినా అంటుకోదు. ఆ రాత్రి నైట్రోజన్ గేజ్ ముల్లు కిందికి పడిపోయి ఉంది. షిఫ్ట్ ఇన్‌చార్జి "ఒక్క బ్యాచే కదా, కానిచ్చెయ్యండి" అన్నాడు. మాలో వయసులో పెద్దాయన ఒకాయన నడపనన్నాడు. ఆయన్ని పక్కకు పంపి ఇంకొకరి చేత నడిపించారు.

ఏమీ కాలేదు. బ్యాచ్ చక్కగా దిగింది. పొద్దున ఆ పెద్దాయన్ని గేటు దగ్గర ఆపేశారు. వారం రోజులు క్యాంటీన్‌లో అందరం ఆయన్ని తలుచుకుని నవ్వుకున్నాం, పిరికివాడని. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

మన పనిలో ఉన్న చిక్కే అది. నైట్రోజన్ లేకుండా నడిపినా చాలా రాత్రులు ఏమీ కాదు. ఏమీ కాని ప్రతి రాత్రీ ఇన్‌చార్జి మాటే నిజమనిపిస్తుంది. వద్దన్నవాడు వెర్రివాడిలా మిగిలిపోతాడు.

రెండేళ్లకు మేం యూనియన్ రిజిస్టర్ చేయించుకున్నాం. మళ్లీ అలాంటి రాత్రి రానే వచ్చింది. ఈసారి ఆరుగురం లాగ్‌బుక్‌లో టైం వేసి, "నైట్రోజన్ ప్రెషర్ లేదు, వచ్చాక నడుపుతాం" అని రాసి కింద ఆరు సంతకాలు పెట్టాం. ఇన్‌చార్జి అరిచాడు. తర్వాత ప్లాంట్ మేనేజర్‌ను నిద్ర లేపాడు. ఆయన రాసిందంతా ఫోన్‌లో చదివించుకుని, కాసేపు ఊరుకుని, "సరే, ఆపండి" అన్నాడు. సిలిండర్లు మార్చడానికి గంటన్నర పట్టింది, అంతే. ఎవరి గేట్ పాసూ ఆగలేదు. ఒక్కడు చెబితే భయం అన్నారు, ఆరుగురం రాసేసరికి అది రికార్డు అయింది.

ఇక నువ్వు అడిగినదానికి.

2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం ఉన్న చోట ఇప్పుడు ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్ ఉంది. రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు మీద ఏడుగురి సంతకాలు చాలు. కానీ ఫ్యాక్టరీలో పదో వంతు మంది గానీ, వంద మంది గానీ, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుగా ఉండాలి. మీ దగ్గర నాలుగొందల మంది అన్నావు కాబట్టి నలభై మంది. రిజిస్టరైనంత మాత్రాన మేనేజ్‌మెంట్ పిలిచి కుర్చీ వేయదు. ఒకటికి మించి యూనియన్లు ఉన్న చోట, సగానికి పైగా, అంటే 51 శాతం మంది మీతో ఉంటేనే మీతో మాత్రమే బేరం చెయ్యాలని కోడ్ చెబుతోంది. అది నీకు ఈ ఏడాది లెక్క కాదు. ముందు నలభై.

ఆ నలభై మందినీ టీ బడ్డీ దగ్గర పోగెయ్యకు. వాట్సాప్ గ్రూప్ అసలే వద్దు, ఇరవై మంది చేరేసరికి ఎవరో ఒకరు స్క్రీన్‌షాట్ తీసి పైకి పంపిస్తారు. ఇళ్లకు వెళ్లు. మీ గాజువాక గదులకైనా సరే, ఆదివారం పూట ఒక్కొక్కరి దగ్గరికీ నడిచి వెళ్లు. గట్టిగా మాట్లాడేవాణ్ని ముందు పెట్టుకోవాలనిపిస్తుంది, వద్దు. లీవు కాగితం రాయించుకోవడానికి, పీఎఫ్ సంగతి అడగడానికి జనం ఎవరి దగ్గరికి వెళతారో చూడు. అలాంటివాడు ప్రొడక్షన్‌లో ఒకడు, మెయింటెనెన్స్‌లో ఒకడు, బాయిలర్ దగ్గర ఒకడు, గోడౌన్‌లో ఒకడు ఉంటాడు. యూనియన్ వాళ్లతో నిలబడుతుంది. పెద్ద గొంతువాడు మొదటి మెమో రాగానే కనిపించడు.

ఉద్యోగం పోతుందా అంటే, పోవచ్చు. నీకు అబద్ధం చెప్పను. యూనియన్‌లో చేరాడని తీసేయడం చట్టం ప్రకారం తప్పే, కానీ కేసు తేలేసరికి ఏళ్లు పడుతుంది, ఇంటి అద్దె అంతవరకు ఆగదు. అందుకే పేర్లు బయటపడే లోపే రిజిస్ట్రేషన్ పని అయిపోవాలి. అయ్యాక ఏటా కొందరు ఆఫీస్ బేరర్ల పేర్లు "ప్రొటెక్టెడ్ వర్కర్లు"గా గుర్తించమని యాజమాన్యానికి రాసివ్వవచ్చు. లేబర్ అధికారి ముందు వివాదం నడుస్తుండగా వాళ్లను తీసేయాలంటే ఆ అధికారి అనుమతి కావాలి. చాలా యూనియన్లు ఈ కాగితం ఇవ్వడమే మరిచిపోతాయి. మేం రెండేళ్లు మరిచిపోయాం.

మొదటి డిమాండు జీతం గురించి పెట్టకు. ఇది మా అనుభవం. మాకు సాల్వెంట్ల దగ్గర దుమ్ము మాస్కులు ఇచ్చేవాళ్లు. ఆ గుడ్డ మాస్క్ దుమ్మును ఆపుతుంది గానీ ఆవిరిని ఆపదు. సాయంత్రానికి తలనొప్పి వస్తే టీ తక్కువైందనుకునేవాళ్లం! మా మొదటి ఉత్తరం ఒక్క పేజీ. ఆవిరికి పనికొచ్చే కార్ట్రిడ్జ్ మాస్కులు కావాలి, కార్ట్రిడ్జ్ ఎప్పుడు మార్చారో తేదీ రాసే రిజిస్టర్ పెట్టాలి. జీతం అడిగితే బడ్జెట్ లేదంటారు, మాస్క్ అడిగితే లేదనడానికి నోరు రాదు. నలభై రోజుల్లో వచ్చాయి. ఆ నెలలోనే మాకు సభ్యత్వ రసీదు పుస్తకాలు మళ్లీ అచ్చు వేయించాల్సి వచ్చింది.

అలాగే మీ ఫ్యాక్టరీలో సేఫ్టీ కమిటీ ఉందా, అందులో వర్కర్ల తరఫున ఎవరున్నారు అని కనుక్కో. భోపాల్ జరిగింది 1984లో. ఆ తర్వాతే, 1987లో, ఫ్యాక్టరీల చట్టాన్ని మార్చి ప్రమాదకర ఫ్యాక్టరీల్లో యాజమాన్యంతో సమానంగా వర్కర్లు కూర్చునే సేఫ్టీ కమిటీ ఉండాలన్నారు. ప్రాణాపాయం ఉందనిపిస్తే ఆ మాట పైవాళ్లకు చెప్పే హక్కు కూడా అప్పుడే రాశారు. కొత్త లేబర్ కోడ్‌ల్లోనూ ఆ రెండూ ఉన్నాయి. అన్ని వేల ప్రాణాలు పోయాక వచ్చిన కుర్చీలవి. మీ దగ్గర ఆ కుర్చీల్లో హెచ్ఆర్‌కు కావాల్సినవాళ్లు కూర్చుని, సమోసా తిని, మినిట్స్ మీద సంతకం చేసి వస్తుంటారు. వెతికి చూడు, నేను చెప్పినట్టే ఉంటుంది.

ఇప్పుడు మేం చేసిన తప్పు రాస్తాను. ఈ ముక్క మాత్రం రెండుసార్లు చదువు.

మా యూనియన్ పర్మనెంట్ వాళ్లది. కాంట్రాక్టు వాళ్లను కలుపుకుందామని ఒకరిద్దరు అంటే "వాళ్లు ఈరోజు ఉంటారు, రేపు ఉండరు, చందా కూడా కట్టరు" అన్నాం. అసలు సంగతి వేరు. వాళ్లను చేర్చుకుంటే మా బోనస్ బేరం పలచబడుతుందని మా భయం. మేం నైట్రోజన్ లేకపోతే నడపం అని రాసి కూర్చున్నాం కదా, కంపెనీ ఏం చేసిందో తెలుసా? మెల్లగా ఆ పనులన్నీ కాంట్రాక్టు వాళ్లకు మార్చింది. ట్యాంకుల్లో దిగి కడగడం, రియాక్టర్ మ్యాన్‌హోల్‌లో పౌడర్ పొయ్యడం, డ్రయ్యర్ ఖాళీ చెయ్యడం. మా చేతులకు అంటకుండా పోయిందని సంతోషించాం. ఒక రోజు డ్రయ్యర్ దగ్గర మంట లేచి ఇద్దరు కాలిపోయారు. ఇద్దరూ ఒడిశా కుర్రాళ్లు. వాళ్ల ఊరి పేరు మా యూనియన్ ఆఫీసులో ఒక్కరికీ తెలియదు. ఆ తర్వాత పర్మనెంట్ పోస్టులు నింపడం మానేశారు, మేం ఒక్కొక్కరం రిటైర్ అయ్యాం, యూనియన్ దానంతటదే ఆరిపోయింది.

2025 జూన్ 30న మా పటాన్‌చెరు దగ్గరి పాశమైలారంలో ఒక ఫార్మా ఫ్యాక్టరీలో డ్రయ్యర్ పేలింది కదా. యాభై మందికి పైగా పోయారు, వాళ్లలో ఎనిమిది మంది ఆచూకీ కూడా దొరకలేదు. బిహార్, ఒడిశా లాంటి చోట్ల నుంచి వచ్చినవాళ్లు చాలామంది. ఆ గేటు బయట ఫొటోలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లను టీవీలో చూస్తుంటే నాకు మా ఒడిశా కుర్రాళ్లే గుర్తొచ్చారు. మీ పక్కనే అచ్యుతాపురంలో 2024 ఆగస్టు 21న ఫార్మా ఫ్యాక్టరీ పేలుడులో పదిహేడు మంది పోయిన సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు, ఆ పొగ నువ్వే చూశానన్నావు.

అందుకని మీ నలభై మందిలో సగమైనా కాంట్రాక్టు వాళ్లు ఉండేలా చూడు. వాళ్లకు ఉపన్యాసం ఎక్కదు. ఒక ఆదివారం నీ ఫోన్ పట్టుకుని వాళ్ల గదిలో కూర్చో. ఒక్కొక్కరి పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూపించు. జీతంలో కోసిన డబ్బు జమ కాని వాళ్లు ఒకరిద్దరైనా కనిపిస్తారు. కాంట్రాక్టరు కట్టకపోతే అసలు కంపెనీయే కట్టాలి, చట్టం అలాగే ఉంది. ఆ మాట హిందీలో చెప్పడం నేర్చుకో. ఒడియా వచ్చినవాడు ఒకడు నీ పక్కన ఉంటే ఇంకా మంచిది. ఏ షిఫ్టులో ఎవరు లోపల ఉన్నారో రాసే ఒక నోట్‌బుక్ మీరు కూడా ఉంచుకోండి. పేరు, ఊరు, ఇంటి ఫోన్ నంబరు. కంపెనీ దగ్గర కూడా ఉంటుందిలే అనుకోకు.

యూనియన్లలో చెడ్డవాళ్లు లేరా అంటావు. బోలెడంత మంది. కాంట్రాక్టరు దగ్గర నెలనెలా కవరు తీసుకున్న లీడర్‌ను నేను చూశాను, అతని తమ్ముడికే లేబర్ సప్లై కాంట్రాక్టు ఇప్పించుకున్నవాణ్నీ చూశాను. బయటి లీడర్ లేకుండా మీకు సాగదు. లేబర్ ఆఫీసు కాగితాలు, మాటతీరు వాళ్లకే తెలుసు. పెట్టుకోండి, కానీ రసీదు పుస్తకమూ బ్యాంకు ఖాతా సంతకమూ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ల దగ్గరే ఉండాలి. నెల నెలా లెక్క గోడకు అంటించండి, ఇరవై రూపాయల టీ ఖర్చుతో సహా. సమ్మె మాట ఎవరైనా తొందరపడి ఎత్తితే, పద్నాలుగు రోజుల ముందు నోటీసు లేకుండా చేస్తే అది చట్టవిరుద్ధమని గుర్తుచెయ్యి. మేం మొత్తం మీద ఒక్కసారే చేశాం, అదీ మూడు రోజులు. ఉత్తరాలు మాత్రం రెండొందలు దాటి ఉంటాయి.

మా పాత ఉత్తరాల ఫైలు ఇంకా అటక మీద ఉంది. ఎలకలు ఒక మూల కొట్టాయి గానీ మాస్కుల ఉత్తరం, సేఫ్టీ కమిటీ ఉత్తరం బాగానే ఉన్నాయి. జిరాక్స్ తీయించి కొరియర్‌లో పంపిస్తాను, మీ గది అడ్రస్ మెసేజ్ పెట్టు. భాష పాతది, కొత్త సెక్షన్ నంబర్లు ఎవరైనా లేబర్ లాయర్‌తో మార్పించుకో.

ఆ కుర్రాణ్ని రేపే ఈఎస్ఐ డిస్పెన్సరీకి తీసుకెళ్లు. దెబ్బ ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏ రియాక్టర్ దగ్గర తగిలిందో డాక్టరుకు సరిగ్గా చెప్పించు. చీటీ మీద ఏం రాశారో ఫొటో తీసి నాకు పంపు. ఎన్ని గంటలకైనా సరే, మేలుకునే ఉంటాను.

మీ మామయ్య