గ్రంథాలయం ప్రోగ్రాము రాస్తున్న అమ్మాయికి: ఎస్‌క్యూలైట్ చిక్కుల గురించి

చిరంజీవి అమ్మాయికి పెద్దనాన్న ఆశీస్సులు.

గుంటూరులో మీ పేట గ్రంథాలయం కోసం పైథాన్‌లో రాస్తున్న ప్రోగ్రాము గురించి నువ్వు పంపిన ప్రశ్నలన్నీ చదివాను. ఒకసారి ‘డేటాబేస్ ఈజ్ లాక్డ్’ అని, మరొకసారి ‘నో సచ్ టేబుల్’ అని వస్తోందనీ, సభ్యుల ఫోన్ నంబర్ల ముందున్న సున్నలు మాయమవుతున్నాయనీ, తెలుగు పుస్తకాల పేర్లు వెతికితే సరిగా దొరకడం లేదనీ రాశావు. ఇవి ఒకదానితో ఒకటి సంబంధం లేని చిక్కుల్లా కనిపిస్తాయి గాని, చాలావాటికి మూలం ఒక్కటే. నువ్వు వాడుతున్న డేటాబేస్ ఎస్‌క్యూలైట్‌ను మనం తెలియకుండానే ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్ లాంటి సర్వరుగా, అంటే విడిగా నడుస్తూ అడిగినవారికి డేటా అందించే ప్రోగ్రాముగా ఊహించుకుంటాం. అది సర్వరు కాదు. నీ ప్రోగ్రాములో కలిసిపోయి నడిచే లైబ్రరీ, అంటే ముందే రాసి పెట్టిన కోడు మూట మాత్రమే. దాని కింద ఉన్నది డిస్కు మీది ఒక మామూలు ఫైలు. సర్వరు ఉంటే తనంతట తాను చూసుకునే పనుల్లో సగం ఇక్కడ ప్రోగ్రాము రాసేవారి మీదనే పడతాయి.

దీన్ని అలా తయారు చేయడం వెనుక కారణం ఉంది. రిచర్డ్ హిప్ అమెరికా నౌకాదళపు యుద్ధనౌకకు సంబంధించిన ఒక ప్రోగ్రాము మీద పనిచేస్తున్నప్పుడు, డేటాబేస్ సర్వరు ఆగితే ప్రోగ్రాము కూడా ఆగిపోయేది. సర్వరూ, దాన్ని చూసుకునే నిర్వాహకుడూ లేకుండా డిస్కు నుంచి నేరుగా చదివే డేటాబేస్ ఉండాలన్న ఆలోచనతో ఆయన 2000లో దీన్ని మొదలుపెట్టారు. నిర్వాహకుడు అక్కరలేదన్న మాట వినడానికి బాగుంటుంది గాని, ఆ నిర్వాహకుడు చేసే జాగ్రత్తలు అక్కరలేదని దాని అర్థం కాదు.

ముందుగా ‘నో సచ్ టేబుల్’ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అది అన్నిటికన్నా సులువైనది. నువ్వు అడిగిన ఫైలు ఆ చోట లేకపోతే ఎస్‌క్యూలైట్ తప్పు చూపదు. అదే పేరుతో కొత్త ఖాళీ ఫైలు సృష్టించి దాన్నే తెరుస్తుంది. ప్రోగ్రామును ఎడిటర్ నుంచి నడిపితే ఒక ఫోల్డరులో, డెస్క్‌టాప్ షార్ట్‌కట్ నుంచి నడిపితే మరో ఫోల్డరులో వెతుకుతుంది కాబట్టి, నిన్న కనిపించిన టేబుళ్లు ఇవాళ కనిపించవు. అలాంటప్పుడు డిస్కు మీద అదే పేరుతో సున్నా బైట్ల ఫైలు ఎక్కడైనా పుట్టిందేమో వెతుకు. ‘ప్రాగ్మా డేటాబేస్ లిస్ట్’ అన్న ఆదేశం ఇస్తే ఇప్పుడు తెరిచి ఉన్న ఫైలు పూర్తి చిరునామా తెలుస్తుంది. ఇక ముందు ఎప్పుడూ పూర్తి చిరునామానే ఇవ్వు. వీలైతే దాన్ని యూఆర్‌ఐ (‘file:’తో మొదలయ్యే చిరునామా) రూపంలో ఇచ్చి, మోడ్ దగ్గర ‘ఆర్‌డబ్ల్యూ’ అని రాస్తే, ఫైలు లేనప్పుడు కొత్తది పుట్టించకుండా వెంటనే తప్పు చూపుతుంది.

లాక్ సంగతి ఇంత తేలికైనది కాదు, కాస్త ఓపికగా చదువు. ఎన్ని కనెక్షన్లు (ప్రోగ్రాములు ఆ ఫైలును తెరిచి పెట్టుకున్న దారులు) ఉన్నా, ఒక సమయంలో ఆ ఫైలులో రాయగలిగేది ఒక్క కనెక్షనే. మీ గ్రంథాలయంలో ఇచ్చి పుచ్చుకునే రిజిస్టరు ఒక్కటే ఉండి, ఒకరు రాస్తుంటే రెండవవారు ఆగాల్సి వచ్చినట్టే ఇదీను. కాబట్టి లాక్ ఉండటం దోషం కాదు. ఎవరో దాన్ని అక్కరకు మించి పట్టుకుని కూర్చోవడం దోషం. నేను చూసినంతలో ఎక్కువసార్లు దొంగ దొరికేది రెండు చోట్ల. మొదటిది, ట్రాన్సాక్షన్ (అన్నీ కలిసి జరగాల్సిన మార్పుల మూట) మొదలుపెట్టి, టేబుల్‌లో ఒక వరస రాసి, కమిట్ చేయకుండా, అంటే ఆ మార్పులను ఖాయం చేయకుండా, తెర మీద ‘సరేనా?’ అని అడిగి మనిషి జవాబు కోసం ఆగే కోడు; ఆ మనిషి టీ తాగి వచ్చేదాకా మిగతావారందరికీ లాకే. రెండవది, డేటా చూడటానికి పక్కనే తెరిచి పెట్టుకున్న డేటాబేస్ బ్రౌజర్ లాంటి ఉపకరణం; అందులో ఒక గడి మార్చి సేవ్ చేయకుండా వదిలేస్తే, అది లాక్ పట్టుకునే ఉంటుంది. నీ కోడును అనుమానించే ముందు ఆ కిటికీ మూసి చూడు.

తరువాత చూడాల్సింది ఎదురుచూపు. లాక్ ఎదురైనప్పుడు కొంతసేపు ఆగి మళ్లీ ప్రయత్నించమని చెప్పడానికి ‘బిజీ టైమవుట్’ ఉంది. సీ భాషలో దాని విలువ మొదట సున్నా. పైథాన్ మాడ్యూలు మాత్రం 5 సెకన్లు ఆగుతుంది. ఇంతవరకు చాలామందికి తెలుసు. కాని, ఎంత టైమవుట్ పెట్టినా క్షణంలోనే ‘లాక్డ్’ అని తిరిగివచ్చే సందర్భం ఒకటి ఉంది, నీకు ఎదురైంది అదే అని నా అనుమానం. నువ్వు పంపిన కోడులో ‘బిగిన్’ అని మొదలుపెట్టి, పుస్తకం లోపల ఉందో లేదో ‘సెలెక్ట్’తో చూసి, ఉంటే ‘అప్‌డేట్’ చేస్తున్నావు. ‘బిగిన్’ అని మాత్రమే అంటే ఎస్‌క్యూలైట్ చదవడానికే సిద్ధమవుతుంది. రాసే హక్కు ‘అప్‌డేట్’ దగ్గరకు వచ్చాకే అడుగుతుంది. ఈలోగా మరో కనెక్షన్ రాయడం మొదలుపెట్టి, నువ్వు చదవడం ముగిస్తేగాని తన పని పూర్తి చేయలేని స్థితిలో ఉంటే, ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఆగి లాభం లేదు గనుక ఎస్‌క్యూలైట్ నీ వాక్యాన్ని వెంటనే తిప్పి పంపుతుంది. మందు చిన్నదే: రాయబోతున్నానని ముందే తెలిసిన ప్రతి ట్రాన్సాక్షన్‌నూ ‘బిగిన్ ఇమీడియట్’ అని మొదలుపెట్టు. అప్పుడు ఎదురుచూపు మొదట్లోనే జరుగుతుంది, టైమవుట్ కూడా పనిచేస్తుంది.

జర్నల్ మోడ్‌ను (మార్పులను భద్రంగా రాసుకునే పద్ధతిని) డబ్ల్యూఏఎల్‌కు, అంటే కొత్త మార్పులను ముందు పక్క ఫైలులో రాసే పద్ధతికి, మార్చమని ఎవరో సలహా ఇచ్చారని రాశావు. మంచి సలహానే. 2010లో 3.7.0తో వచ్చిన ఈ పద్ధతిలో ఒకరు రాస్తుండగా మిగతావారు నిరాటంకంగా చదువుకోవచ్చు; రాసేవారు మాత్రం అప్పటికీ ఒక్కరే. పైన చెప్పిన చిక్కును అది తీర్చదు సరికదా, నువ్వు చదివిన తరువాత ఇంకొకరు రాసి ఉంటే నీ పాత చూపు మీద రాయడానికి ఒప్పుకోదు కాబట్టి, ‘ఇమీడియట్’ అవసరం అక్కడా ఉంటుంది. ఈ మార్పు ఒకసారి చేస్తే ఫైలులోనే నిలిచిపోతుందనీ, బిజీ టైమవుట్ మాత్రం కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ పెట్టుకోవాలనీ గుర్తుంచుకో.

ఇక రెండు కౌంటర్ల విషయం. డేటాబేస్ ఫైలును ఒక కంప్యూటరులో ఉంచి, షేర్డ్ ఫోల్డరు ద్వారా రెండవ కంప్యూటరు నుంచి తెరుస్తున్నావని చదివి నాకు భయం వేసింది. నెట్‌వర్క్ ఫైలు వ్యవస్థల్లో లాకులు అన్నిచోట్లా నమ్మదగినట్టు పనిచేయవు. ఇద్దరికీ రాసే హక్కు ఉన్నట్టు తోచిందంటే ఫైలు చెడిపోతుంది. డబ్ల్యూఏఎల్ అయితే అసలు కుదరదు, ఎందుకంటే దాన్ని వాడే ప్రోగ్రాములన్నీ ఒకే యంత్రం మీద మెమరీని పంచుకోవాలి. దీనికి సెట్టింగులతో పరిష్కారం లేదు. ఒక కంప్యూటరు మీద ఫ్లాస్క్‌తో (పైథాన్‌లో వెబ్ ప్రోగ్రాములు రాయడానికి వాడే సాధనం) చిన్న వెబ్ ప్రోగ్రాము నడిపి, ఫైలును అది ఒక్కటే తాకేట్టు చేసి, రెండవ కౌంటరు వారిని బ్రౌజరులో పని చేసుకోమను. ఈ ఒక్క మార్పు ముందు చేయి, మిగతావి ఆగినా ఫరవాలేదు.

మాయమైన సున్నల కథ టేబుల్ నిర్వచనంలో ఉంది. ఫోన్ నంబరు రకాన్ని ‘స్ట్రింగ్’ అని రాశావు. ఎస్‌క్యూలైట్‌కు ఆ పేరుతో రకం లేదు. నువ్వు రాసిన పేరులో ‘ఇంట్’, ‘క్యార్’, ‘టెక్స్ట్’ లాంటి ముక్కలు ఉన్నాయా అని చూసి నిర్ణయించుకుంటుంది, తనకు తెలిసినవేవీ లేకపోతే అంకెల రకంగా తీసుకుంటుంది. అందుకే 0863తో మొదలైన గుంటూరు నంబరు 863 అయి కూర్చుంది. ‘టెక్స్ట్’ అని కొత్త టేబుల్ చేసి డేటాను అందులోకి మార్చవచ్చు గాని, పోయిన సున్నలను ప్రోగ్రాముతో తిరిగి పెట్టాలని చూడకు. సున్న పోయిన ల్యాండ్‌లైన్ నంబరులోనూ 10 అంకెలే, 8తో మొదలయ్యే మొబైల్ నంబరులోనూ 10 అంకెలే. ఏది ఏదో సభ్యత్వ దరఖాస్తు కాగితం చూస్తేగాని తెలియదు. కొత్త టేబుళ్లకు చివర ‘స్ట్రిక్ట్’ అని చేర్చే వీలు 2021లో 3.37.0తో వచ్చింది, అప్పుడు తెలియని రకం పేరు రాస్తే టేబుల్ సృష్టించనే సృష్టించదు. అయితే అంతకన్నా పాత వెర్షన్ ఉన్న యంత్రం ఆ ఫైలును చదవలేక ‘మాల్ఫార్మ్డ్ డేటాబేస్ స్కీమా’ అంటుంది, కాబట్టి ముందు ఆ కంప్యూటరులోని పైథాన్‌తో వచ్చిన వెర్షన్ ఎంతో చూసుకో.

సభ్యుడిని తొలగించినా అతని పేర ఉన్న పుస్తకాల వరసలు మిగిలిపోవడానికి కారణం, ఫారిన్ కీ నియమాలు (ఒక టేబుల్‌లోని వరస మరో టేబుల్‌లో ఉన్న వరసనే సూచించాలన్న కట్టుబాట్లు) ఎస్‌క్యూలైట్‌లో మామూలుగా నిద్రలో ఉండటమే. ‘ప్రాగ్మా ఫారిన్ కీస్’ను ప్రతి కనెక్షన్‌లోనూ, ట్రాన్సాక్షన్ మొదలుకాక ముందే, ఆన్ చేయాలి, ట్రాన్సాక్షన్ మధ్యలో చేస్తే చడీచప్పుడు లేకుండా పట్టించుకోదు. ఇప్పటికే అనాథలైన వరసలను ‘ఫారిన్ కీ చెక్’ చూపిస్తుంది.

తేదీలకు కూడా ప్రత్యేక రకం లేదు. 05-11-2024 అన్న రూపంలో రాస్తే అక్షరాల వరసలో అది 28-02-2023 కన్నా ముందుకు వస్తుంది. సంవత్సరం, నెల, రోజు వరసలో 2024-11-05 అని రాస్తే క్రమం తనంతట కుదురుతుంది. ‘నౌ’ అని అడిగితే వచ్చేది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయం, మనకన్నా అయిదున్నర గంటలు వెనుక. ఉదయం 9కి ఇచ్చిన పుస్తకం 3.30కి ఇచ్చినట్టు కనిపించడం సరే, నువ్వు అర్ధరాత్రి దాటాక నడిపే జరిమానా లెక్క అందరికీ ఒక రోజు తక్కువ వేస్తుంది. నిల్వ యూటీసీలోనే ఉండనీ. చూపేటప్పుడూ, లెక్క వేసేటప్పుడూ మన సమయానికి మార్చు.

తెలుగులో వెతకడం దగ్గర ఇంగ్లీషు పాఠాలు చదివి నేర్చుకున్నవారెవరికీ హెచ్చరిక దొరకదు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. నువ్వు ఎఫ్‌టీఎస్5 (ఎస్‌క్యూలైట్‌లో మాటలు వెతికే భాగం) వాడి, టోకెనైజరును, అంటే పాఠాన్ని మాటలుగా విడదీసే దాన్ని, మార్చకుండా వదిలేశావు. అది అక్షరాలను, అంకెలను మాత్రమే మాటలో భాగంగా తీసుకుంటుంది. యూనికోడ్‌లో మన గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న ‘మార్క్’ అనే వేరే వర్గంలో ఉన్నాయి కాబట్టి, వాటిని ఖాళీలుగా భావించి ప్రతి మాటనూ ముక్కలు చేస్తుంది. ‘పుస్తకం’ అన్న మాట ప, స, తక అని మూడు ముక్కలవుతుంది; ఇక వెతికితే ఏం దొరుకుతుంది? టేబుల్ సృష్టించేటప్పుడు ‘యూనికోడ్61’ టోకెనైజరుకు క్యాటగిరీల జాబితాలో మార్క్ వర్గాన్ని, అంటే ‘ఎమ్’ అక్షరం, నక్షత్రపు గుర్తు, కూడా చేర్చు. అయినా కొన్ని పేర్లు దొరకవు. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటలో ఒకరు కంటికి కనబడని నాన్-జాయినర్ గుర్తు టైపు చేస్తారు, మరొకరు చేయరు. ఐత్వం గుర్తును కూడా యూనికోడ్‌లో రెండు విధాలుగా రాయవచ్చు. కాబట్టి పుస్తకం పేరును యథాతథంగా ఒక కాలమ్‌లో ఉంచి, నాన్-జాయినర్ తీసేసి, ఎన్‌ఎఫ్‌సీ రూపానికి (రెండు విధాలుగా రాసినవాటిని ఒకే విధానికి తెచ్చే యూనికోడ్ రూపం) మార్చిన నకలును ఇంకొక కాలమ్‌లో పెట్టి, వెతకడం దాని మీదనే జరిపించు. పాఠకుడు టైపు చేసిన మాటకూ అదే శుద్ధి చేయాలి.

అకారాది క్రమం కూడా ఇలాంటిదే. ఎస్‌క్యూలైట్ బైట్ల వరసను బట్టి పేరుస్తుంది. యూనికోడ్‌లో ళ అక్షరం ల పక్కనే, వ కన్నా ముందుంది. మన వర్ణమాలలో అది హ తరువాతది. అందుకే ‘కళ’తో మొదలయ్యే పేర్లు ‘కవి’తో మొదలయ్యే వాటికన్నా ముందు వచ్చి మీ గ్రంథపాలకుడికి కోపం తెప్పిస్తున్నాయి. పైథాన్ నుంచి సొంత కొల్లేషన్ (పేర్లను పేర్చే నియమం) చేర్చవచ్చు గాని, దాని మీద ఇండెక్స్ (త్వరగా వెతకడానికి వాడే సూచిక) కడితే ఇతర ఉపకరణాలు ఆ టేబుల్‌తో పని చేయలేక మొరాయిస్తాయి. అక్షరాలను వర్ణమాల స్థానానికి మార్చి రాసిన ఒక క్రమ కాలమ్ ఉంచుకోవడమే నాకు నచ్చిన పద్ధతి.

పాత కేటలాగు ఎక్కించడానికి గంటలు పట్టడానికి కారణం లూపు లోపలి కమిట్. ప్రతి కమిట్‌కూ డేటా డిస్కు మీద స్థిరపడేదాకా ఆగాలి. అన్ని ఇన్సర్టులనూ ఒకే ట్రాన్సాక్షన్‌లో పెడితే నిమిషాల్లో అయిపోతుంది. ‘ఇన్‌కరెక్ట్ నంబర్ ఆఫ్ బైండింగ్స్’ అన్నది ఎస్‌క్యూలైట్ చిక్కు కాదు. ఒక్క విలువ పంపేటప్పుడు టపుల్‌లో (బ్రాకెట్లలో రాసే విలువల జాబితాలో) కామా మరిచావు, పైథాన్ ఆ పేరులోని ఒక్కో అక్షరాన్నీ ఒక్కో విలువగా లెక్కపెట్టింది. అలాగని విలువల చోట పెట్టే ప్రశ్న గుర్తులు వదిలేసి పేర్లను నేరుగా ఎస్‌క్యూఎల్ వాక్యంలో అతికించకు. పేరులో ఒక్క కొటేషన్ గుర్తు వస్తే వాక్యం విరుగుతుంది, దురుద్దేశం ఉన్నవారు రాస్తే వాక్యం అర్థమే మారిపోవచ్చు.

రోజూ రాత్రి ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తున్నారని రాశావు. ప్రోగ్రాము నడుస్తుండగా చేసే కాపీ సగం పాత, సగం కొత్త డేటాతో ఉండవచ్చు. పక్కనున్న ‘వాల్’ (డబ్ల్యూఏఎల్) ఫైలులో ఉన్న తాజా వరసలు అసలు రాకపోవచ్చు. ఆ పక్క ఫైళ్లను చెత్త అనుకుని ఎవరూ తొలగించకుండా చూడు. పైథాన్ కనెక్షన్‌కు ‘బ్యాకప్’ అనే పద్ధతి ఉంది, లేదా ‘వాక్యూమ్ ఇన్‌టూ’ వాడవచ్చు. ఏది వాడినా, వచ్చిన నకలును తెరిచి ‘ఇంటెగ్రిటీ చెక్’ నడిపి, ‘ఓకే’ అని వచ్చాకే పాత నకలును తీసేయి.

మళ్లీ రాసేటప్పుడు తప్పు సందేశాన్ని ఉన్నదున్నట్టుగా, తెరిచిన ఫైలు పూర్తి చిరునామా, ఎస్‌క్యూలైట్ వెర్షన్, జర్నల్ మోడ్‌తో సహా పంపు. షేర్డ్ ఫోల్డరు నుంచి ఫైలును తీసేశానన్న మాట మాత్రం ఈ వారంలోనే రావాలి.

ఆశీస్సులతో,
పెద్దనాన్న